గొంతు ఒక్కటే మార్చాను

3 సెప్టెంబరు, బుధవారం. ఆదోని.

వీడియో వచ్చేసింది. జూలై సెమినార్‌లో నేను మాట్లాడినదాన్ని యూనివర్సిటీవాళ్లు ఇవాళ పొద్దున యూట్యూబ్‌లో పెట్టారు. స్టాఫ్ రూమ్‌లో ఎవరూ లేని పీరియడ్ చూసుకుని విన్నాను. పద్దెనిమిది నిమిషాలూ నేనే. మధ్యలో రెండుసార్లు ముక్కు గోక్కున్నాను, అదొక్కటి తప్ప బాగానే ఉంది. ఆరేళ్లుగా కాంట్రాక్టు లెక్చరర్‌ని, పీహెచ్‌డీ ఇంకా సగంలో ఉంది. అలాంటిది తెర మీద "పావని" అని పెద్ద అక్షరాలు, దాని కింద "చేనేత వీధుల్లో కృత్రిమ మేధ, వదంతులు". ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో పుట్టినదానికి ఇది తక్కువేం కాదు.

అందరికీ నచ్చింది నా మాటలు కాదులే, వసంతక్క మాటలు. సెమినార్‌లో వినిపించిన ఆ నలభై సెకన్ల రికార్డింగు. నా గైడు శ్రీనాథ్ సార్ మళ్లీ అదే మెసేజ్ పెట్టారు, "ఆ ముక్కే నీ పేపర్‌కి ప్రాణం" అని. ఇరవై రెండున ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది కూడా దానివల్లేనని ఆయన నమ్మకం. యూనివర్సిటీలో పర్మనెంటు పోస్టు. ముప్పై అయిదేళ్ల వయసులో మళ్లీ రాదు.

వసంతక్కకి ఇచ్చిన మాట తప్పలేదు. పేరు లేదు, ఊరు లేదు. గొంతు సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా మార్చేశాను. "మీ ఇంటాయన ఇన్నా నువ్వని పట్టుకోలేడక్కా" అని రికార్డు చేసిన రోజే చెప్పాను. ఇవాళ విన్నప్పుడు నాకే ఎవరో కొత్త మనిషి అనిపించింది.

4 సెప్టెంబరు

మూడు వందల నలభై మంది చూశారు. ఊరికే చూశాను ఎంతమందో.

7 సెప్టెంబరు, ఆదివారం

ఎమ్మిగనూరు నుంచి ఇప్పుడే దిగాను. జరిగింది జరిగినట్టు వరసగా రాస్తే కొంచెం కుదురుకుంటానేమో.

ఇంద్రసేనయ్య మామ మా అమ్మ తమ్ముడు. వీధిలో ఎవరి మగ్గం మొరాయించినా ఆయనే బాగుచెయ్యాలి. నన్ను చూడగానే ఫోన్ తీసి చూపించాడు. నా వీడియోని పొద్దున్నే వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టాడట. "మా అక్క కూతురు, ఇంగ్లీషులో" అని రాసి, కింద పది దండాలు. గ్రూపులో రెండు వందల పదకొండు మంది.

"ఇంగ్లీషు నాకేం తెలుస్తాదిలే పాపా. నడమ తెలుగు వస్తాదే, అది మాత్రం మూడుసార్లు ఇన్నా" అన్నాడు. "ఆ మాట్లాడే ఆడమనిషి ఎవరో ఏమో గానీ, ఆ మగ్గం మన వసంతది గదా!"

ఆయన సంతోషంగా నవ్వుతున్నాడు.

"ఎట్ల తెలుసు మామా?"

"ఎట్ల తెలీదు? వసంతకి కుడికాలు పట్టుకుపోయినప్పటి నుంచి మూడు దెబ్బలేసి ఒక్క గడె ఆగుతాది. మగ్గం కింద కాలితో తొక్కే చెక్క మార్చింది నేనే గదా, కిర్రుమంటాది. ఇంత బతుకు బతికి వసంత మగ్గం పోల్చుకోకపోతే ఎట్ల? టీ అంగట్లో గూడా సెప్పినా. గిడ్డయ్యన్న ఇని, అవునప్పా వసంతదే అన్నాడు."

వసంతక్క నాతో మాట్లాడినంతసేపూ నేస్తూనే ఉంది. కావాలనే. "నువ్వు దగ్గరకొచ్చి కూసో. నేను నేస్తాంటా. లోపల మా అత్తకి మగ్గం తప్ప ఇంగేం ఇనపడదు" అంది. తన మాటని దాచుకోవడానికి తనకున్న చాటు అదొక్కటే. గొంతు మార్చే రోజు సాఫ్ట్‌వేర్ నన్ను అడిగింది, వెనక చప్పుడు తీసెయ్యాలా అని. వద్దని నొక్కాను. నాకు బాగా గుర్తుంది. ఆ చప్పుడు ఉంటే నేను నిజంగా మగ్గాల వీధి నుంచి వచ్చినదాన్నని హాల్లో ఏసీలో కూర్చున్నవాళ్లకి తెలుస్తుందని.

మామ ఫోన్ లాక్కుని గ్రూపులోంచి తీసేశాను. అప్పటికే నూట అరవై మంది చూశారు. "ఏమైంది పాపా, మంచిదే గదా" అన్నాడు మామ. ఏమీ లేదన్నాను.

8 సెప్టెంబరు

ఆ ముక్క పదకొండుసార్లు విన్నాను. "ఆ ఫోటో ఆ పాపది కాదు. మిషన్‌తో సేసినాడు. నేను పోయినప్పుడు వాని కంప్యూటర్లో సగం సేసింది సూసినా. అప్పటికి మొగం ల్యా. తర్వాత పెట్టినాడు." అంతే. వాడి పేరు వచ్చినచోట చప్పుడు వేసి కప్పేశాను. కానీ మగ్గం వసంతక్కదని తెలిశాక వాడి పేరు కప్పి ఏం లాభం? ఆమె పనిమీద వెళ్లే కంప్యూటర్ అంగడి ఒకటే. చీరల డిజైన్లు గీసి, మగ్గానికి కట్టే అట్టల్లో ఆ డిజైను ప్రకారం రంధ్రాలు కొట్టి ఇచ్చే అంగడి. నాగేంద్రది. వీధిలో సగం మగ్గాలు వాడి అట్టల మీదే ఆడతాయి.

ఆ పాప పేరు ఇక్కడ కూడా రాయను. పేర్లు రాయకుండా ఉండటంలో నేను గట్టిదాన్ని. డిగ్రీ రెండో ఏడు చదువుతుండేది. నాగేంద్ర మెసేజ్‌లకి జవాబు ఇవ్వలేదు, అంతకంటే చేసిన తప్పేం లేదు. ఏప్రిల్‌లో ఆ ఫోటో ఫోన్ ఫోన్‌కీ పాకింది. లాడ్జిలో మంచం మీద, పక్కన ఎవడో, చీర పైట జారి. కుదిరిన పెళ్లి తప్పింది. కాలేజీ మాన్పించారు. తల్లి శ్రీశైలమ్మ పిల్లని బెంగుళూరులో చెల్లెలింటికి పంపించేసింది.

మామ చెవులు వేరు. అందరికీ అంత తెలియదు. పైగా ఇంగ్లీషు వీడియో ఎవరు చూస్తారు, ఒక నిమిషం చూసి వదిలేస్తారు. మగ్గాలన్నీ దాదాపు ఒకేలా మోగుతాయి.

9 సెప్టెంబరు

మోగవు.

10 సెప్టెంబరు, బుధవారం

శ్రీనాథ్ సార్‌కి ఫోన్ చేశాను. వీడియో తీయించేద్దాం అన్నాను. ఆయన నిదానంగా విన్నారు. తర్వాత ఆయన చెప్పింది: సంతకం చేసిన అంగీకార పత్రం ఉంది, గొంతు మార్చావు, నియమాల ప్రకారం నీ తప్పేం లేదు. ఇప్పుడు తీయిస్తే ఎందుకని యూనివర్సిటీ రీసెర్చ్ కమిటీ అడుగుతుంది, రాతపూర్వకంగా చెప్పాలి, ఇంటర్వ్యూ ముందు అది మంచిది కాదు. ఇరవై రెండు దాటనీ.

పన్నెండు రోజులే కదా. సార్ చెప్పారు కాబట్టి. చివర్లో ఇంకో మాట కూడా అన్నారు, తర్వాతి ప్రాజెక్టుకి దసరా నాటి దేవరగట్టు కర్రల సమరం వీడియోలు పోగుచేస్తే బాగుంటుందని. తప్పకుండా సార్ అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది, నాకే ఆశ్చర్యం వేసింది.

12 సెప్టెంబరు, శుక్రవారం

మధ్యాహ్నం క్లాసులో ఉండగా మెసేజ్. "అక్కా నమస్తే. నేను నాగేంద్రను. మీ వీడియో సూసినా. శానా బాగా మాట్లాడినారు. నేను గూడా ఏఐ నేర్చుకుంటాండా. ఆ ఆడియో మొత్తం ఉంటే నాకు పంపిస్తారా." ఒక దండం, ఒక గులాబీ. వాడి డీపీలో చెల్లెలి పెళ్లి ఫోటో.

నేను తెరిచి చదివినట్టు వాడికి నీలం గీతలు కనిపించి ఉంటాయి. ఆ తర్వాత పిల్లలకి ఏం పాఠం చెప్పానో గుర్తులేదు. ఒకమ్మాయి లేచి, మేడమ్, అది పోయిన వారం చెప్పేసినారు అంది.

13 సెప్టెంబరు, శనివారం

పొద్దున్నుంచి వసంతక్క ఫోన్ స్విచాఫ్. ఏడుసార్లు చేశాను.

నాలుగు గంటలకి వీధి గ్రూపులో ఆమె గొంతు. "నేను వసంతను మాట్లాడతాండా. ఆ వీడియోలో ఉండేది నేను కాదు. నేనేమీ సూడల్యా. నాకేమీ తెలీదు. నా పేరు యాడా ఎత్తద్దండి, దండం పెడతా."

వెంటనే కింద ఒకరు రాశారు: "పావని మేడమ్, మీరు సదివేది ఇదే గదా. ఇది వసంత గొంతేనా, మిషన్ గొంతా? మీరే సెప్పండి." ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు, అవును మేడమ్ సెప్పాల, మేడమ్ సెప్తే నమ్ముతాం. ఇది వసంత గొంతే అయితే వీడియోలో చెప్పింది అబద్ధం. మిషన్ గొంతైతే వీడియోలో చెప్పిందే నిజం, అదీ వాళ్ల లెక్క.

నా దగ్గరున్న సాఫ్ట్‌వేర్‌లో వేసి చూశాను. మనిషి గొంతు అయ్యే అవకాశం అరవై నాలుగు శాతం అంది. పదేళ్ల నా చదువు అరవై నాలుగు శాతం. నాగేంద్రే ఈ గొంతు తయారుచేసి ఉంటాడా? వసంతక్క ఎక్కడుంది? ఏం చేశాడు ఆమెని? రేపు మొదటి బస్సు ఎన్నింటికో చూసి పెట్టుకున్నాను.

14 సెప్టెంబరు, ఆదివారం

మొదటి బస్సుకే ఎమ్మిగనూరు వెళ్లాను.

వసంతక్క ఇంట్లోనే ఉంది. ప్రాణం లేచి వచ్చింది. నేయడం లేదు, కింద కూర్చుని నూలు కండెలు చుడుతోంది. నన్ను చూసి నవ్వలేదు. లేచి పొమ్మని కూడా అనలేదు.

"ఆ గొంతు నాదే. నేనే మాట్లాడినా. మిషనూ కాదు, ఏం కాదు" అంది నేను అడగకముందే.

"కొట్టినాడా అక్కా? బెదిరించినాడా?"

"ఏమనల్యా. శుక్రారం సాయంత్రం వచ్చి అరుగు మీద కూసున్నాడు. నీళ్లడిగినాడు. తెచ్చిస్తి. 'పాప ఏ కాలేజీలో సదువుతాండాది వదినా' అన్నాడు. నీళ్లు తాగినాడు. సెంబు నా సేతికిచ్చి పోయినాడు. అంతే."

వసంతక్క కూతురు ఇంటర్ రెండో ఏడు. రోజూ బస్సులో ఆదోని వస్తుంది.

"అక్కా, నాది తప్పు. ఆ చప్పుడు నేను తీసేసి ఉండాల్సింది."

"ఆ పొద్దు ఏమంటివి? మా ఇంటాయన ఇన్నా పట్టుకోడంటివి. ఆయన ఫస్టే పట్టుకున్నాడు. మూడు దినాలైంది నాతో మాట్లాడక." చేతిలో కండె ఆపలేదు. "సరే, అయ్యన్నీ తర్వాత. ఇప్పుడొక పని సెయ్యి. గ్రూపులో అందరూ నిన్నే అడుగుతాండారు గదా. రెండోదే నిజం, ఆ వీడియోలో ఉండేది వసంత కాదు, ఆ ఆడమనిషి ఊరికే సెప్పింది అని పెట్టు. సదువుకున్నదానివి, నువ్వు సెప్తే నమ్ముతారు. వాడూ నమ్మినట్టు ఊరికే ఉంటాడు."

"కానీ అక్కా, ఆ పాప..."

"ఆ పాప పోయింది. నా పాప ఉంది."

పెడతానన్నాను. మాటిచ్చాను. తిరిగి వచ్చేటప్పుడు ఆటో నాగేంద్ర అంగడి ముందు నుంచే వచ్చింది. వాడు బయటే నిలబడి ఉన్నాడు. నన్ను చూసి రెండు చేతులెత్తి దండం పెట్టాడు. నేనూ పెట్టాను. ఎందుకు పెట్టానో నాకు తెలియదు. చేతులు వాటంతట అవే లేచాయి.

15 సెప్టెంబరు

గ్రూపులో పెట్టాల్సిన నాలుగు లైన్లు టైప్ చేశాను. పంపలేదు. సాయంత్రం పంపుతాను.

పంపలేదు.

16 సెప్టెంబరు, మంగళవారం

కాలేజీ గేటు దగ్గర ఎవరో ఆడమనిషి మీకోసం నిలబడి ఉంది మేడమ్ అని అటెండర్ చెప్పాడు. నాకు ముందు నాగేంద్రే గుర్తొచ్చాడు, ఆడమనిషి అని వినిపించినా సరే. కిటికీలోంచి చూసి వెళ్లాను. శ్రీశైలమ్మ. ఆ పాప తల్లి. ఎండలో పిల్లలు అటూ ఇటూ పోతుంటే గేటు పక్కన గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"అమ్మా, వసంత నేను కాదంటాంది. ఇంటికి పోయి అడిగితే నా మొగం సూడల్యా. కాకపోనీ. ఎవరో ఒకరు సూసినారు గదా? నీ వీడియోలో ఉండాది గదా? పేరొద్దు నాకు. ఆ మనిషి నిజం సెప్పిందా, అబద్ధం సెప్పిందా? అదొక్కటి సెప్పు. నేను పోయి నా బిడ్డకి సెప్పుకుంటా."

నేనన్నాను, "రీసెర్చ్‌లో అట్లా చెప్పకూడదమ్మా." నిజంగా అదే అన్నాను. రాస్తుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తోంది. నిజమమ్మా అంటే చాలు, రెండు మాటలు. కానీ ఆ రెండు మాటలు సాయంత్రానికి వీధికి చేరతాయి, వీధి నుంచి నాగేంద్రకి, నాగేంద్ర నుంచి వసంతక్క కూతురి బస్టాపుకి.

ఆమె ఏడవలేదు. "మా ఇంట్లో అట్లాంటి చీరే ల్యామ్మా. ఆ ఫోటోలో ఉండేది. సుట్టాల ఇండ్లల్లో గూడా ల్యా. ఎవరికి సెప్పినా ఇనల్యా" అంది. తల్లి కదా అనుకుని తలూపాను. వాటర్ బాటిల్ ఇచ్చాను. బస్సెక్కించాను.

17 సెప్టెంబరు

వసంతక్క రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

18 సెప్టెంబరు, గురువారం

పొద్దున ఆరింటికి లేచి, టీ కూడా పెట్టుకోకుండా యూనివర్సిటీకి మెయిల్ రాశాను. శ్రీనాథ్ సార్‌కి, కమిటీకి, ఇద్దరికీ. నేను వినిపించిన రికార్డింగులో మనిషిని గుర్తుపట్టే గుర్తు వదిలేశాను, ఆ మనిషికి ప్రమాదం ఉంది, తప్పు నాది, వీడియో వెంటనే తీసెయ్యండి. పదకొండు గంటలకల్లా తీసేశారు. పన్నెండు గంటలకి సార్ ఫోన్. "తొందరపడ్డావు పావనీ" అన్నారు. మూడు గంటలకి ఇంకో మెయిల్: విచారణ ముగిసేవరకు నా ఇంటర్వ్యూ పిలుపు ఆపి ఉంచుతున్నారు.

గుండెల మీంచి బరువు దిగుతుందనుకున్నాను. దిగలేదు. ఆలస్యమైంది. పదిహేను రోజుల క్రితం నాకు పెద్దగా కనిపించిన పోస్టు పోయినా ఏడుపు రాలేదు, అది మాత్రం కొంచెం వింతగా ఉంది. వీడియో పోయింది గానీ, నాగేంద్ర దగ్గర అది ఉండకుండా ఉంటుందా? వాడు దాచుకునే రకం.

21 సెప్టెంబరు, ఆదివారం

మామకి అన్నీ చెప్పేశాను. ముందే చెప్పాల్సింది. ఎవరికీ చెప్పకుండా ఉంటే అంతా నా చేతిలో ఉన్నట్టు నాకో పిచ్చి.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. "నా నోటితోనే సెడగొట్టినానా పాపా. టీ అంగట్లో గొప్పలు పోయినానే" అన్నాడు. తర్వాత అడిగాడు, "శ్రీశైలమ్మ అదేందో చీర అంటాదే, ఏం చీరంట?"

"నువ్వు చూడలేదా ఆ ఫోటో?"

"నాకూ పంపినారు. ఆడపిల్లని అట్ల సూడ్డానికి మనసొప్పల్యా. తెరవకుండానే తీసేస్తి."

లాప్‌టాప్ తెరిచాను. నా రీసెర్చ్ ఫోల్డర్‌లో ఉంది ఆ ఫోటో, నంబరు వేసి. ఆ పాప ముఖం, ఒళ్లు, పక్కనున్నవాడు, అంతా కత్తిరించి పారేసి, జారిన పైట, దాని అంచు మాత్రం మిగిల్చి పెద్దది చేశాను. మామ లాప్‌టాప్‌ని ఎత్తి కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు, చీర మడత చూసినట్టు. వేలితో అంచు వెంట పోతూ వచ్చాడు. ఒకచోట ఆగాడు. వెనక్కి వచ్చాడు. మళ్లీ పోయాడు.

"ఇది నేసింది కాదు" అన్నాడు.

"అంటే?"

"ఈ మామిడి పిందె సూడు, రెండాకులు. దీనికి మూడాకులు. ఇదో, ఇది సగానికొచ్చి నెమలి అయిపోయింది. ఈ నెమలికి కాలే ల్యా. అట్టలు తిరుగుతాంటాయి పాపా. మొదటి పిందె ఎట్లుంటే వెయ్యో పిందె గూడా అట్లే పడాల. మనిషి తప్పు సేసినా, ఆ తప్పు గూడా పిందె పిందెకీ అట్లే పడతాది. ఇట్లాంటి అంచు ఏ మగ్గం మీదా రాదు. కంచిలో రాదు, ధర్మవరంలో రాదు, మిల్లులో గూడా రాదు." లాప్‌టాప్ నా చేతికిచ్చి, "అట్టలు కొట్టేవాడే అంచు సూసుకోల్యా" అన్నాడు.

ఎవరూ చూసి ఉండకపోయినా ఇది చాలు. వసంతక్క నోరు తెరవక్కర్లేదు. ఆమె చూసిందా లేదా అని ఎవరూ అడగక్కర్లేదు.

ఆ అంచు ముక్క ఒక్కటే వీధి గ్రూపులో పెట్టాను. పాపని కాదు. కింద రాశాను: "నేను పావనిని. నా వీడియోలో గొంతు ఎవరిదో నేను చెప్పను, మీరూ అడగొద్దు. ఏప్రిల్‌లో అందరి ఫోన్లకీ వచ్చిన ఫోటోలో చీర ఇది. ఈ అంచు ఏ మగ్గం మీద నేస్తారో మీరే చెప్పండి. నేను చదువుకున్నదాన్ని మాత్రమే, నేసేది మీరు."

పంపడానికి ముందు వేలు చాలాసేపు గాల్లోనే ఉంది. ఇది పంపితే వాడు వసంతక్క అరుగు వదిలి నా గుమ్మానికి వస్తాడు. నాకు తెలుసు. తెలిసే నొక్కాను. ధైర్యం కాదు, ఇంక దాక్కోవడానికి చోటు కనపడక.

పావుగంట తర్వాత గిడ్డయ్య మామ: "ఇది నేతే కాదు." ఆ వెంటనే ఇంకొకరు, "అట్టలకి ఇట్ల రాదు." ఇంకొకరు నెమలి కాలు చుట్టూ ఎర్ర గీత గీసి పెట్టారు. ఒకరి తర్వాత ఒకరు. తొమ్మిదో పదో సమాధానం వసంతక్కది. "ఇరవై రెండేండ్ల నుంచి నేస్తాండా. ఈ అంచు నేయలేరు." అంతే రాసింది. అది చూసి ఏడ్చేశాను, మామ ముందే.

22 సెప్టెంబరు, సోమవారం

ఇంటర్వ్యూ రోజు. గుర్తొచ్చింది, మర్చిపోయాను.

నాగేంద్ర ఆరుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. తర్వాత మెసేజ్: "అక్కా, నెట్లో మీ ఫోటోలు గూడా శానా ఉండాయి. బాగుండాయి." ఈసారి గులాబీ లేదు.

భయమేస్తోంది. ఇది ఎవరికీ చెప్పుకోలేను కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను, నాకు చాలా భయమేస్తోంది. వాడు ఏం చేస్తాడో నాకు వరసగా తెలుసు, దాని మీదే కదా పేపర్లు రాశాను. ప్రిన్సిపాల్‌కి ఒకటి, స్టాఫ్ గ్రూపుకి ఒకటి, మా స్టూడెంట్లకి ఒకటి. నా పాత ఫోటోలు తీసేద్దామని కూర్చుని, ఏం లాభమని లేచాను.

23 సెప్టెంబరు, మంగళవారం

శ్రీశైలమ్మతో కలిసి పోలీస్ స్టేషన్‌కి వెళ్లాను. ఆమె కంప్లయింట్ ఇచ్చింది. నేను అంచు గురించి రాసి సంతకం పెట్టాను, నాగేంద్ర మెసేజ్ కూడా ఇచ్చాను. మామ, గిడ్డయ్య మామ నేతవాళ్లుగా సంతకాలు పెట్టారు. వసంతక్క పేరు ఎక్కడా రాలేదు. ఎస్సై నెమలి కాలు చూసి నవ్వాడు, తర్వాత నవ్వడం మానేసి ఇంకోసారి చూశాడు.

అంగడి షట్టర్ వేసి ఉందని మామ చెప్పాడు. ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. దానివల్ల నాకేం ధైర్యం రాలేదు. ఎక్కడున్నా వాడి చేతిలో ఫోన్ ఉంటుంది.

24 సెప్టెంబరు, బుధవారం

బెంగుళూరు నంబరు. వాడే అనుకుని చాలాసేపు మోగనిచ్చాను. రెండోసారి ఎత్తాను.

ఆ పాప.

"అక్కా, అమ్మ సెప్పింది" అంది. గొంతు చాలా చిన్నగా ఉంది. చుట్టూ మిషన్ల చప్పుడు, గార్మెంట్స్‌లో పనికి పోతోందట. "అది నేసింది కాదని గ్రూపులో అందరూ పెట్టినారంట గదా?"

"అవునమ్మా. ఇంక ఎవరూ నిన్ను ఒక్క మాట అనడానికి లేదు."

"ఎంతమంది పెట్టినారు?"

"నలభై మందికి పైనే."

థాంక్స్ చెబుతుందనుకున్నాను. నిజం రాస్తున్నాను, దానికోసం ఎదురుచూశాను.

"వీధంతా నేసేటోళ్లే గదక్కా" అంది. "దూరం నుంచి సూసి ఏ ఇంట్లో నేసిన చీరో సెప్తారు. ఐదు నెలలు నా ఫోటో అందరి ఫోన్లల్లో ఉండె. ఒక్కరు గూడా చీర సూడల్యా?"

ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"నీ కాడ గూడా ఉండెనా అక్కా?"

"ఉండె."

"ఎప్పటి నుంచి?"

"ఏప్రిల్ నుంచి" అన్నాను.